విజయవాడలో పాకిస్తానీ వంటలు ఎక్కడ దొరుకుతాయి? నిహారీ, కడాహీ, చప్లీ కబాబ్ కావాలి

పటమట_పార్సిల్:

ఈ నెలాఖరుకు దుబాయ్ నుంచి చుట్టాలు ఎనిమిది మంది దిగుతున్నారు. అక్కడ సత్వాలో రవి రెస్టారెంట్ లాంటి చోట్ల తిని తిని పాకిస్తానీ వంటలకి అలవాటు పడిన జనం. బెజవాడలో గానీ గుంటూరులో గానీ అసలైన నిహారీ (గంటల తరబడి ఉడికించే మాంసం పులుసు), కడాహీ గోష్త్ (బాణలిలో టమాటాతో వండే మాంసం), చప్లీ కబాబ్ (వెడల్పుగా తట్టి వేయించే కైమా) పెట్టే హోటల్ ఉందా? యాప్‌లో కడాయి మటన్ అని కొడితే అన్నీ క్యాప్సికం ముక్కలు, జీడిపప్పు గ్రేవీ ఫొటోలే వస్తున్నాయి. హోటల్లో కుదరకపోతే ఇంట్లో వండటానికి సిద్ధమే. కానీ ఆ కరాచీ మసాలా ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో కనబడటం లేదు, వాటి బదులు ఏం వాడాలి? వచ్చేవాళ్లలో ఇద్దరు మటన్ ముట్టరు, చేప అయితే తింటారు.

పంజా_సెంటర్:

"పాకిస్తానీ" అన్న బోర్డు కోసం వెతక్కండి, ఈ రోజుల్లో ఎవరూ పెట్టరు. బోర్డు కాదు, వంట పట్టుకోవాలి. ఏసీ రెస్టారెంట్లలో మొగలాయీ మెనూ అంతా ఒకే ఉల్లిపాయ గ్రేవీ, ఒకే జీడిపప్పు పేస్ట్ మీద నడుస్తుంది. పొద్దున ఒకసారి వండి పెట్టుకుని, ఆర్డర్ రాగానే ముక్క వేసి కలిపి ఇస్తారు. అందులోంచి నిహారీ రాదు.

మీకు కావాల్సింది దావత్‌లకి వండే బావర్చీ. ఇక్కడ వన్‌టౌన్, వించిపేట, పంజా సెంటర్ వైపు, గుంటూరులో లాలాపేట, ఆనందపేట వైపు అడగండి. రంజాన్‌లో హలీమ్ బట్టీ పెట్టేవాళ్లని అడిగితే మిగతా నెలల్లో ఎవరు వండుతున్నారో చెప్తారు. కనీసం రెండు రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్స్ ఇవ్వాలి. రెండు మూడు కిలోలకి డేగ్ (పెద్ద వంట గిన్నె) పెట్టమంటే చాలామంది ఒప్పుకోరు. కనీసం ఐదు కిలోలు అంటారు, లేదా ఇంకో ఫంక్షన్ వంట ఉన్న రోజు చూసి దానితో పాటే పెడతారు. ఆ రోజుకి మీరే సర్దుకోవడం నయం.

చెప్పేటప్పుడు ఒక్క మాట స్పష్టంగా చెప్పండి. ఉత్తినే నహారీ అంటే వాళ్లకి హైదరాబాద్ పద్ధతి గుర్తొస్తుంది: పాయా, నాలుక ముక్కలతో పల్చటి సూప్, కుల్చాలో ముంచుకుని తినేది. కరాచీ బర్న్స్ రోడ్ వైపు నిహారీ వేరు. కాలి పిక్క మాంసం, గోధుమపిండితో చిక్కబడిన పులుసు, పైన ఎర్రటి నూనె తేలుతూ ఉండాలి. అక్కడ ఎక్కువగా బీఫ్‌తో చేస్తారు, మీరు మటన్ పిక్కలతో చేయించుకోండి. "ఆటా వేసి, సోంపు, శొంఠి ఎక్కువ పెట్టి" అని చెప్తే వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

రుచి చూసి అడ్వాన్స్ ఇద్దామనుకుంటే వాళ్ల పాయా ఒక గిన్నె తెప్పించుకోండి. వేళ్లకి జిగురు అంటుకుంటే మనిషి టైమ్ ఇచ్చి వండుతున్నాడని అర్థం. పల్చగా ఉండి కార్న్‌ఫ్లోర్ మెరుపు కనబడితే ఇంకొకర్ని చూసుకోండి.

సన్నం_మిర్చి:

ప్యాకెట్ల సంగతి. 2025 మే 2న కేంద్రం పాకిస్తాన్ సరుకు నేరుగా గానీ వేరే దేశం మీదుగా గానీ దిగుమతి కాకుండా ఆపేసింది. అంతకుముందు 2019 నుంచే 200 శాతం సుంకం ఉండేది. కాబట్టి ఎవరైనా దొరుకుతుందని అమ్మితే పాత స్టాకో, నకిలీయో. దాని కోసం తిరగడం దండగ, ఆ పొడిలో ఉన్నవన్నీ కాళేశ్వరరావు మార్కెట్లో దొరుకుతాయి. పిప్పళ్లు, శొంఠి మాత్రం పచారీ కొట్లో లేకపోతే మూలికల కొట్లో అడగండి.

కిలో మాంసానికి పొడి: సోంపు రెండు టేబుల్ స్పూన్లు, ధనియాలు ఒకటి, జీలకర్ర ఒక టీ స్పూన్, మిరియాలు ఒక టీ స్పూన్, శొంఠి పొడి ఒక టీ స్పూన్, పిప్పళ్లు నాలుగు, పచ్చ యాలకులు ఆరు, నల్ల యాలకులు రెండు, లవంగాలు ఆరు, అంగుళం దాల్చినచెక్క, జాపత్రి ఒక రేకు, జాజికాయలో పావు. సన్న సెగ మీద రెండు నిమిషాలు వెచ్చబెడితే చాలు. సోంపు రంగు మారిందా, చేదు వచ్చినట్టే. మెత్తగా కొట్టి జల్లెడ పట్టండి, లేకపోతే పులుసు ఇసకగా తగులుతుంది.

కారం దగ్గర మనవాళ్లు దెబ్బతింటారు. నిహారీకి ఎర్ర రంగు కావాలి గానీ మంట కాదు. మన సన్నం గానీ తేజ గానీ రెండు స్పూన్లు వేస్తే సోంపు, జాపత్రి వాసన చచ్చిపోతుంది. బ్యాడిగి కారం రెండు స్పూన్లు, రంగు చాలకపోతే ఇంకో అర స్పూన్. ఘాటు కావాలన్నవాళ్లకి పచ్చిమిర్చి చీలికలు పక్కన పెడతారు కదా.

మటన్ కొట్లో ముందురోజే చెప్పండి: కాలి పిక్కలు బొమికతో కిలో, మూలుగు ఉన్న బొమికలు విడిగా నాలుగు. ముక్క గుప్పెడంత ఉండాలి. బిర్యానీ ముక్క కొట్టించారంటే మూడో గంటకి పీచు పీచయిపోతుంది. 150 మిల్లీలీటర్ల నూనెలో గానీ నేతిలో గానీ అల్లంవెల్లుల్లి రెండు టేబుల్ స్పూన్లు, మాంసం వేసి పది నిమిషాలు వేయించి, కారం, పసుపు, ఉప్పు, మసాలా పొడిలో మూడొంతులు వేసి, లీటరున్నర పైచిలుకు వేడి నీళ్లు పోసి మూత పెట్టండి. సన్న సెగ మీద రెండున్నర నుంచి మూడు గంటలు. బుడగ అక్కడొకటి ఇక్కడొకటి రావాలి, కుతకుత ఉడకకూడదు.

అసలు మెలిక ఇక్కడుంది. ముక్క మెత్తబడ్డాక స్టవ్ కట్టేసి పావుగంట కదపకండి. పైకి తేలిన ఎర్ర నూనె గరిటెతో తీసి విడిగా పెట్టుకోండి. ఆ తర్వాతే పిండి. ముందే పిండి పోస్తే నూనె దానిలో కలిసిపోయి మళ్లీ తేలదు, పులుసు మట్టిరంగులోకి పోతుంది. గోధుమపిండి ఐదు టేబుల్ స్పూన్లు పొడి మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక కప్పు చన్నీళ్లలో కలిపి, ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తిప్పాలి. మరుగుతున్న పులుసులో పోస్తే ఉండలు కడుతుంది. మిగిలిన మసాలా పొడి వేసి ఇంకో ఇరవై ఐదు నిమిషాలు సన్న సెగ మీద ఉంచండి, పిండి పచ్చివాసన పోవడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది. వడ్డించేటప్పుడు తీసిపెట్టిన నూనె వేడిచేసి పైన పోయండి. అల్లం సన్న తరుగు, కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మచెక్క పక్కన.

పంజా_సెంటర్:

సన్నం మిర్చి గారూ, అంతా బావుంది గానీ మూడు గంటలు గ్యాస్ ఎవరు కాలుస్తారండీ. కుక్కర్‌లో మొదటి విజిల్ వచ్చాక సిమ్‌లో 35 నిమిషాలు పెడితే సరిపోతుంది.

సన్నం_మిర్చి:

సరిపోతుంది, ఒక్క షరతు. ఆవిరి దానంతటదే దిగేదాకా మూత తీయొద్దు. విజిల్ ఎత్తి ప్రెషర్ వదిలేస్తే లోపల ఒక్కసారిగా పొంగి ఉడికి కొవ్వు పులుసులో కలిసిపోతుంది, ముక్క విడిపోతుంది. అప్పుడు పైన తీయడానికి నూనె ఉండదు.

కొవ్వుముక్క:

కడాహీ సంగతి నేను చెప్తా. పెషావర్ నమక్ మండీ పద్ధతిలో ఉల్లిపాయ లేదు, గరం మసాలా లేదు, నీళ్లు లేవు. మాంసం, కొవ్వు, టమాటా, ఉప్పు, పచ్చిమిర్చి, అంతే. లాహోర్‌వాళ్లు అల్లం, వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర చేరుస్తారు, కొందరు పెరుగు కూడా. అక్కడ తోకలో కొవ్వు పేరుకునే దుంబా గొర్రె వాడతారు. మన నెల్లూరు పొట్టేలుకి ఆ తోక లేదు, మాంసం బక్కగా ఉంటుంది. అందుకే కిలో మాంసంతో పాటు 150 గ్రాముల కొవ్వు అడిగి తెచ్చుకోండి. మామూలుగా కొట్టువాడు తీసి పక్కన పడేసేదే.

ఇనప బాణలిలో ముందు కొవ్వు కరిగించి, చిన్న ముక్కలు కొట్టించిన లేత మాంసం, ఉప్పు వేసి మూత పెట్టి, సొంత నీళ్లలోనే ముప్పావు గంట మగ్గనివ్వండి. ముదురు మాంసమైతే ఈ పద్ధతి పెట్టుకోవద్దు, ఎంతసేపున్నా సాగుతుంది. తర్వాత 750 గ్రాముల టమాటాలు నిలువునా రెండేసి చెక్కలు చేసి, కోసిన వైపు మాంసం మీద బోర్లించండి. మూత పెట్టిన ఎనిమిది నిమిషాలకి తోలు ముడతలు పడి లేస్తుంది. పట్టకారుతో ఒక్కొక్కటీ లాగితే గుజ్జు కింద ఉండిపోయి తోలు మాత్రం చేతికొస్తుంది. ఇక మూత తీసేసి పెద్ద మంట. నీరంతా ఇగిరి, గరిటె లాగితే బాణలి అడుగు కనబడి, అంచుల్లో కొవ్వు వదలాలి. పచ్చిమిర్చి పది, అల్లం తరుగు, దంచిన మిరియాలు ఒక స్పూన్ వేసి రెండు నిమిషాల్లో దించేయండి. నాటు టమాటాకి పులుపూ నీరూ ఎక్కువ, అది ఇగిరేలోపు ముక్క ఎండిపోతుంది. ఈ ఒక్క వంటకి బెంగళూరు టమాటాయే మేలు.

హోటల్లో చేయించుకోవాలంటే హైవే డాబాలే నయం, పెద్ద పొయ్యి ఉంటుంది, రద్దీ లేనప్పుడు వెళ్తే వింటారు. చికెన్‌తో అడగండి, అరగంటలో అయిపోతుంది. "గ్రేవీ వద్దు, క్యాప్సికం వద్దు, క్రీమ్ వద్దు, టమాటాలోనే వండు" అని వంటమనిషికే చెప్పాలి. వెయిటర్‌కి చెప్తే లోపలికి సగమే చేరుతుంది.

చప్లీ కబాబ్ మాత్రం బయట ఆశ పెట్టుకోకండి, షామీ కబాబ్ తట్టి ఇచ్చి ఇదే అంటారు. ఇంట్లో సులువే. అర కిలో చేతికైమా, అందులో వంద గ్రాములు కొవ్వు. మెషిన్‌లో రెండుసార్లు తిప్పింది వద్దు, ముద్దలా అయి రబ్బరులా బిగుస్తుంది. బరకగా దంచిన ధనియాలు రెండు టేబుల్ స్పూన్లు, ఎండు దానిమ్మ గింజలు ఒకటి, జీలకర్ర ఒక టీ స్పూన్, ఎండుమిర్చి పలుకులు ఒక టేబుల్ స్పూన్, మొక్కజొన్న పిండి మూడు టేబుల్ స్పూన్లు, గుడ్డు ఒకటి. ఉల్లిపాయ తరిగి ఉప్పు చల్లి గుడ్డలో గట్టిగా పిండాలి, టమాటా గింజలు తీసేయాలి. ముక్కలైపోతున్నాయి అనేవాళ్లంతా ఈ నీటి దగ్గరే తప్పుతున్నారు. ఉప్పు కైమాలో చివర్లో వేసి, వెంటనే అరచెయ్యంత వెడల్పుగా తట్టి, అర అంగుళం వేడి నూనెలో ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. మొదటి వైపు గట్టిపడేదాకా గరిటె పెట్టొద్దు. దానిమ్మ గింజలు బెజవాడ కొట్లలో కష్టమే, ఆన్‌లైన్‌లో వస్తాయి. దొరక్కపోతే ఒక స్పూన్ ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి) వేయండి, పులుపు వస్తుంది, పంటి కింద పలుకు రాదు.

శీలావతి_ఫ్యాన్:

మటన్ ముట్టనివాళ్లకి లాహోరీ ఫిష్ పెట్టండి, దీనికి మనకంటే మంచి ఊరు లేదు. అక్కడ వాడేది కూడా ఎక్కువగా రోహూనే, అంటే మన శీలావతి. రెండు కిలోల పైన తూగే చేపని అర అంగుళం మందాన కోయించండి, చిన్న చేపలో ముళ్లు విసిగిస్తాయి. చెరువు చేప కాబట్టి ఉప్పు, నిమ్మరసం పట్టించి ఇరవై నిమిషాలు ఉంచి కడగాలి, ఆ పులుపుకి మట్టివాసన తగ్గుతుంది. తర్వాత బాగా తుడిచి ఆరబెట్టండి.

కిలోకి వెల్లుల్లి ముద్ద టేబుల్ స్పూనున్నర, కారం ఒకటి, బరక ధనియాలు ఒకటి, జీలకర్ర ఒక టీ స్పూన్, నలిపిన వాము ఒక టీ స్పూన్, పసుపు, ఉప్పు, నిమ్మరసం. రెండు గంటలు నాననివ్వండి. వేయించే ముందు మాత్రమే శనగపిండి ఐదు టేబుల్ స్పూన్లు, బియ్యప్పిండి ఒకటి పొడిగా చల్లి, చేప తడితోనే పట్టించాలి. నీళ్లు పోసి జారుగా కలిపితే చేప బజ్జీ అయిపోతుంది. మధ్యస్థ సెగ మీద మూడొంతులు వేయించి తీసి, వడ్డించే ముందు బాగా కాగిన నూనెలో ఒక్క నిమిషం. ఇలా రెండుసార్లు వేయిస్తేనే పై పొర కరకరలాడుతుంది. ముల్లంగి తురుము, చింతపండు చట్నీ పక్కన చాలు. ఉల్లిపాయ చక్రాలు మన అలవాటు, పెట్టినా ఎవరూ కాదనరు.

పటమట_పార్సిల్:

అందరికీ థాంక్స్ అండీ. నిహారీ ఇంట్లోనే పెడతాను, చేప కూడా. కడాహీ డాబాలో చికెన్‌తో. రొట్టె సంగతి ఏంటి? ఎనిమిది మందికి, ఇంట్లో నలుగురికి కలిపి ఎంత చూసుకోవాలి?

సన్నం_మిర్చి:

పన్నెండు మందిలో ఇద్దరు మటన్ తినరు కాబట్టి, మిగతా వంటలతో కలిపి పిక్కలు రెండు కిలోలు చాలు. మూలుగు బొమికలు మాత్రం పది తెచ్చుకోండి, గిన్నెకొకటి పడాలి, లేకపోతే వాటి కోసం గొడవే. మసాలా రెట్టింపు చేయండి గానీ నీళ్లు రెట్టింపు చేయకండి, రెండున్నర లీటర్లు పోసి చూసుకోండి. పెద్ద గిన్నెలో ఇగరడం తక్కువ.

రొట్టెకి తందూర్ ఉన్న హోటల్లో నాన్ చెప్పండి, వెన్న రాయొద్దని చెప్పి మనిషికి రెండున్నర లెక్కన ముప్పై. రుమాలీ వద్దు, పులుసులో నానగానే చిరిగిపోతుంది. పార్సిల్‌ని వెండి కాగితంలో చుట్టిస్తే ఆవిరికి సాగుతాయి, గుడ్డ సంచీ పట్టుకెళ్లండి. తినే టైమ్‌కి పావుగంట ముందు తెచ్చుకుని, పొడి పెనం మీద నీళ్లు చిలకరించి ఒక్కో వైపు అర నిమిషం చూపించండి.

కొవ్వుముక్క:

నిహారీ ముందురోజు రాత్రే వండి పెట్టుకోండి, పిండి కలపకుండా. ఫ్రిజ్‌లో పైన కొవ్వు గట్టిగా పేరుకుంటుంది, పొద్దున గరిటెతో ఎత్తేయొచ్చు. ఆ రోజు వేడిచేసి పిండి పోసుకుంటే అరగంట పని.