‘తల్లి సాలు’: సరిపోయే చాలా, నాగటి చాలా?

అందరికీ నమస్కారం. మాది నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. అందుకే ఈ సందేహం.

మొన్న మాళేగావ్ జాత్రకు వెళ్లాం. (లోహా తాలూకాలో ఖండోబా జాత్ర జరిగే ఊరు. నాసిక్ వైపు ఉన్నది ‘ల’, మాది ‘ళ’.) గుర్రాల బజారులో మన తెలుగు ముసలాయన ఒకరు గుర్రప్పిల్లను బేరం చేస్తున్నారు. పిల్ల వంక చూడనైనా చూడలేదు. పక్కన కట్టేసి ఉన్న తల్లి దగ్గరికి పోయి, పెదవి ఎత్తి పళ్లు చూశారు. ముందుకాలు మడిచి గిట్ట చూశారు. "తల్లి సాలు పిల్లకు తప్పుతదా" అన్నారు.

మా అమ్మాయి వెంటనే, "తల్లి ఒక్కతి ఉంటే చాలనా నాన్నా?" అంది. నాకూ జవాబు తట్టలేదు. ఇంగ్లీషులో బ్లడ్‌లైన్ అంటారే, దానికి మన మాట ఇదేనా?

బిలోలి నుంచి:
అన్నా, అది నాగటి చాలు. మనవైపు సాలు అంటాం. ముందు నాగలి గీసిన గీత పట్టుకునే వెనక నాగలి నడుస్తుంది. తల్లి ఎటు పోయిందో పిల్లా అటే. అనుమానముంటే బహువచనం చేసి చూడండి. నాగటి చాలుకు చాళ్లు ఉంటాయి. సరిపోయే చాలుకు ‘చాలదు, చాలవు’ ఉంటాయి గానీ చాళ్లు ఉండవు. బర్రెల బేరంలో మా నాయన కూడా ఈ మాటే అనేవాడు.

ముఖేడ్ నుంచి:
వంగడం అనే మాట కూడా ఉంది. ఇప్పుడు వరి వంగడం, పత్తి వంగడం అంటున్నాం గానీ, పాత నిఘంటువుల్లో దానికి అర్థం వంశమే. మనుషుల మీద నుంచి విత్తనాల మీదికి జారింది. గుర్రాలకు తిరిగి తెచ్చుకుంటే తప్పేం లేదు.

దెగ్లూర్ నుంచి, ప్రస్తుతం పుణె:
వంగడం బాగుంది గానీ నా ఓటు సాలుకే. నేను ఆరేళ్లు ఒక స్టడ్‌ఫామ్‌లో, అంటే గుర్రాలకు పిల్లలు పుట్టించి పెంచే చోట, లెక్కలు రాశాను. రేసుల్లో పరుగెత్తే థరోబ్రెడ్ గుర్రాల వంశపత్రంలో తండ్రి వైపు పైన, తల్లి వైపు కింద రాస్తారు. వాళ్లు వాటిని పైలైను, కిందిలైను అంటారు. లైను అంటే సాలే కదా!

పేరంతా మగవాటికే. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గాడాల్ఫిన్ అరేబియన్ అని మూడు మగగుర్రాలు మూడు వందల ఏళ్ల కింద ఇంగ్లండ్ చేరాయి. ఇవాళ లోకంలో ఉన్న థరోబ్రెడ్‌లన్నిటికీ తండ్రి, తాత, ముత్తాత అంటూ పైకి ఎక్కితే ఆ మూడింట్లో ఒకటి తగులుతుంది. వందలో దాదాపు 95కు అది డార్లీ అరేబియనే, అదీ 1764లో సూర్యగ్రహణం నాడు పుట్టిన ఎక్లిప్స్ ద్వారా.

కానీ వరసలు కలిపేటప్పుడు చూడండి. తండ్రి ఒకటై తల్లులు వేరైతే వాటిని సవతి అన్నదమ్ములు అనరు. తల్లి ఒకటైతేనే ఆ వరస. కారణం లెక్కలోనే ఉంది. పేరున్న మగగుర్రానికి ఏడాదికి వందకు పైగా పిల్లలు పుట్టొచ్చు. ఆడగుర్రం పదకొండు నెలలు మోస్తుంది, ఏడాదికి ఒక్కటే. అందుకే ‘కుటుంబం’ అనే మాటను తల్లి వైపుకే దాచుకున్నారు. 19వ శతాబ్దం చివర బ్రూస్ లో అనే ఆయన ఆ తల్లి కుటుంబాలకు నంబర్లు వేశాడు. అవి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

1973లో అమెరికాలో మూడు పెద్ద రేసులూ గెలిచిన సెక్రెటేరియట్ సంగతి ఇంకా తమాషా. చివరి రేసులో 31 గుర్రాల నిడివి ముందుంది. దాని కొడుకుల్లో ఒక్కటీ తండ్రి అంతటిది కాలేదు. కూతుళ్లకు పుట్టిన స్టార్మ్ క్యాట్, ఏపీ ఇండీ మాత్రం పెద్ద వంశకర్తలయ్యాయి.

కిన్వట్ నుంచి:
తమ్ముడూ, గుర్రాల సంగతి బాగుంది. మా ఇళ్లల్లో ఈ సామెత ఎప్పుడు వస్తుందో తెలుసా? పిల్ల ఎదురు మాట్లాడినప్పుడు. మార్కులు బాగా వస్తే మాత్రం ‘అంతా తండ్రి పోలిక’. తల్లి సాలు మంచికి గుర్తుకు రాగా నేనింతవరకు వినలేదు.

పుణె నుంచి మళ్లీ:
అక్కా, నిజమే. మీ మాటకు బలం చేకూర్చేది ఒకటి చెప్తాను. తక్కువ దూరం రేసుల్లో వేగానికి తోడ్పడే జన్యురూపం ఒకటుంది. అది సుమారు 300 ఏళ్ల కింద బ్రిటన్‌లోని ఒక ఆడగుర్రం నుంచి వచ్చి ఉండొచ్చని 2012లో పరిశోధకులు రాశారు. దాన్ని అంతటా పంచింది 1954లో పుట్టిన నియార్క్‌టిక్, దాని కొడుకు నార్తర్న్ డాన్సర్. పేరు వీటికి దక్కింది. ఆ తల్లికి పేరే లేదు.

ధర్మాబాద్ నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మాయి పొద్దున్నుంచి ‘సాలు, సాళ్లు’ అంటూ తిరుగుతోంది. బేరం ఏమైందని ఒకరు విడిగా అడిగారు. తెగలేదు. తల్లి కుడి ముందుకాలు గిట్ట దగ్గర కొంచెం లోపలికి తిరిగి ఉందట. ముసలాయన తువ్వాలు దులుపుకొని పక్క గుంజ దగ్గరికి వెళ్లిపోయారు. పిల్ల కాళ్లు మాత్రం నా కంటికి తిన్నగానే కనిపించాయి.