నాన్న ఫ్లెక్సీకి రెండు ముక్కలు రాయలేకపోయాను. మీ గురించి ఏం రాస్తే బాగుంటుందని మీకుంది?

ఊరి చివర ఇల్లు:
వచ్చే వారం మా నాన్నగారి సంవత్సరీకం. సెంటర్లో ఫ్లెక్సీ కట్టిద్దామన్నాడు తమ్ముడు, మ్యాటర్ నువ్వు రాయి అన్నయ్యా నీకు తెలుగు బాగా వచ్చుగా అని నా మీదకి తోసేశాడు. రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని "మృదుస్వభావి, స్నేహశీలి, పరోపకారి" అని రాశాను. పొద్దున్నే పాల ప్యాకెట్‌కి వెళ్తే వీధి మొదట్లో వేలాడుతున్న ఫ్లెక్సీలో అవే మూడు ముక్కలు, అదే వరసలో. ఆ పోయినాయన వడ్డీ వ్యాపారం చేసేవాడు, మృదుస్వభావి అంటే ఆ వీధి కుక్కలు కూడా నమ్మవు. ఫ్లెక్సీ షాపు కుర్రాడేమో "సార్, కింద ఇంకా ఖాళీ ఉంది, అజాతశత్రువు వేసేద్దామా, అందరికీ అదే వేస్తున్నాం" అంటాడు.

నలభై ఏళ్ళు కళ్ళముందు తిరిగిన మనిషి గురించి నాకు ఒక్క సొంత వాక్యం రాలేదు. అప్పట్నుంచీ ఇంకో టెన్షన్ పట్టుకుంది, నాకు 52, రేపు మా పిల్లలు ఇలాగే కూర్చుంటే వాళ్ళకి మాత్రం ఏం దొరుకుతుంది? అందుకే అడుగుతున్నా, మీరు పోయాక మీ గురించి ఏం చెప్పుకోవాలని ఉంది? మొహమాటం వద్దు, గొప్పలు పోయినా పర్లేదు.

లెక్కల మాస్టారు:
ముందు లెక్క చూడండి. తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత, అంతే, మూడు తరాలు. ఆ పైవాడి పేరు మంత్రంలోంచే జారిపోతుంది. అంటే నా పేరు మా అబ్బాయి, మనవడు, మునిమనవడు పలకాలి, ఆ తర్వాత ఎవరికీ పనిలేదు. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, మనవడికి సంధ్యావందనమే రాదు, కాబట్టి నా విషయంలో మూడు తరాలన్నది కూడా పేపర్ మీద లెక్కే. నాకేం బాధ లేదు. మా ముత్తాత తండ్రి పేరు నాకు తెలుసా? తెలీదు. ఆయన వేసిన మామిడి చెట్టని మా నాన్న ఒక చెట్టు చూపించేవారు, పుల్లటి కాయలు, పచ్చడికి తప్ప పనికిరావు.

33 ఏళ్ళు పాఠం చెప్పాను. పిల్లలు నాకు పెట్టిన పేరు "పదమూడో ఎక్కం", ఎందుకంటే ఎవడు ఎదురైనా ఆపి అదే అడిగేవాణ్ణి. మొన్న రైతుబజార్‌లో బట్టతల పెద్దమనిషి ఒకడు నన్ను చూడగానే చేతిలో వంకాయలు వదిలేసి "పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి సార్" అన్నాడు. పేరు అడిగాను, చెప్పాడు, నాకు గుర్తురాలేదు. నాకది చాలు.

మీ నాన్నగారి విషయానికొస్తే, విశేషణాలు అవతల పెట్టండి. ఆయన చొక్కా జేబులో ఏముండేది? దాంతో మొదలుపెట్టండి.

కొత్తిమీర కట్ట:
మాస్టారూ, తర్పణం సంగతి మగవాళ్ళది, మా సంగతి వినండి. మా అత్తగారు పోయినప్పుడు పదో రోజు భోజనాల దగ్గర అందరూ ఒకటే మాట, ఆవిడ చేతి గోంగూర, ఆవిడ చేతి పులిహోర. అబద్ధమేం కాదు, గోంగూర నిజంగానే బాగా చేసేవారు. కానీ ఆవిడ ఆ రోజుల్లో ఎస్సెల్సీ పాసయ్యారు, వీధిలో ఇరవై మంది ఆడవాళ్ళ చీటీ లెక్కలు ఇరవై ఏళ్ళు రాశారు, ఒక్క రూపాయి తేడా రాలేదు. ఆ మాట ఒక్కరూ అనలేదు, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళకి తిండే గుర్తొస్తుంది మరి.

ఇంకోటి చెప్పాలి. స్టీలు సామాన్ల షాపులో గిన్నె కొంటే పేరు చెక్కే మెషిన్ పట్టుకుని "ఏం పేరు అమ్మా" అని అడుగుతాడు కదా, మా ఇంట్లో అన్నిటి మీదా మామగారి పేరే. ఒక్క పెద్ద గుండిగ మాత్రం ఆవిడ చీటీ డబ్బుతో కొని తన పేరు చెక్కించుకున్నారు. షాపువాడు అందులో ఒక ఒత్తు మింగేశాడు, ఆవిడ గొడవపెట్టుకోలేదు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో వినాయకచవితి ప్రసాదానికి ఆ గుండిగే కావాలి. ఆవిణ్ణి ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా ఆ గుండిగని ఆవిడ పేరుతోనే అడుగుతారు, ఆ ఒత్తు లేకుండానే. నన్ను పప్పుతో గుర్తుపెట్టుకోవద్దని మా అమ్మాయికి చెప్పేశాను. "నీ పప్పు అంత బాగోదులే అమ్మా" అంది.

పాతబస్తీ చాయ్:
నేను పోయిన రోజు ఫ్యామిలీ గ్రూపులో నలభై "ఓం శాంతి" స్టిక్కర్లు పడతాయి, నలభై ఒకటోది గుడ్ మార్నింగ్ గులాబీ పువ్వు. దానికి మించి ఆశల్లేవు అన్నా. కాకపోతే మా తాత కోసం నాన్న ప్రతి పెత్తరమాసకి, అదే మహాలయ అమావాస్యకి, అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాడు, అదే పొద్దుటికి అమ్మ ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తుంటుంది. పోయినోళ్ళకు బియ్యం, ఉన్నోళ్ళకు పండుగ, ఒకే దినం. ఆ టైమింగ్ నాకు మస్తు నచ్చుతుంది.

గోదారి గాలి:
మా ఊరి గుళ్ళో ట్యూబులైట్ మీద దాత పేరు, వాళ్ళావిడ పేరు, పిల్లల పేర్లు, ఊరు, జిల్లా అన్నీ ఎర్ర పెయింటుతో రాయించారు, ఇక వెలుతురు వచ్చే సందు లేదు. నవ్వులాటకి అన్నాను గానీ పేరు మీద ఆశ ఉండటం తప్పు అని నేననను. మా కోనసీమలో డొక్కా సీతమ్మ గారిని చూడండి. లంకల గన్నవరంలో ఇల్లు. పడవ దిగి వచ్చేవాళ్ళు అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి పొయ్యి రాజేసి వండి పెట్టేదని మా పెద్దాళ్ళు ఇప్పటికీ చెప్తారు. పోయింది 1909లో. ఏ ఫ్యాను రెక్క మీదా పేరు రాయించుకోలేదు, కానీ ఇవాళ కాలువని గోదారి పాయ మీదుగా దాటించే గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరే, 2024 నుంచి ఆంధ్రలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాల పేర్లు మారతాయి, అది వేరే కథ. అవన్నీ తీసేసినా మా వైపు ఎవరైనా వేళకాని వేళ అన్నం పెడితే "సీతమ్మ తల్లివమ్మా" అంటారు, ఆ మాటని ఏ జీవో పీకేయలేదు.

బ్రిటిష్ ఇంజనీరు కాటన్ దొర సంగతీ అంతే. గోదావరి మీద ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, దాని స్థానంలో కొత్త బ్యారేజీ కూడా వచ్చేసింది, అయినా గోదావరి స్నానం చేస్తూ ఆ తెల్లాయన్ని తలుచుకునే శ్లోకం మా పంతులుగారు చదువుతారు. పరాయి పాలకుడి పేరు మన సంకల్పంలో ఏంటని ఎవరన్నా అంటే ముందు చేలో నీళ్ళు చూసి మాట్లాడమంటారు మా రైతులు.

నాకు మాత్రం అంత లేదు. మా పంట బోదె గట్టు మీద నేను పడిపోయిన చోట ఒక కొబ్బరి దుంగ వేశాను, జనం దాటడానికి. ఎవరు వేశారో నాలుగేళ్ళయ్యాక ఎవరికీ గుర్తుండదు, దుంగ మాత్రం ఇంకో పదేళ్ళు ఉంటుంది.

మందుల షాపు:
మా షాపుకి ప్రతి నెలా ఒక పెద్దావిడ వస్తారు, కీళ్ళవాతం. మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రమాదం, అందుకని నేను కవర్ మీద "సోమవారం మాత్రమే" అని పెద్ద అక్షరాలతో రాసిస్తాను. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్. ఈ రెండు మందుల వెనకా ఉన్నది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో ఆయన బృందం. 1948లో పోయారు, అప్పటికి ఆయనెవరో మనవాళ్ళలో చాలామందికి తెలీదు. ఆవిడది కూడా భీమవరం పక్క ఊరే. ఒకరోజు చెప్పాను, అమ్మా ఈ మందు మీ ఊరి వైపు ఆయనది అని. "అయితే రేటు తగ్గిస్తావా బాబూ" అన్నారు. నాకైతే ఇలాగే ఉండాలని ఉంది, పేరు తెలియకపోయినా సోమవారం సోమవారం ఎవరికో పనికిరావాలి.

నైట్ డ్యూటీ:
పైన చదివాను, బాగుంది, ఒక్క పని మాట చెప్పి పోతాను. కళ్ళు ఇవ్వండి. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, తీయాలంటే ప్రాణం పోయిన ఆరు గంటల లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది. షుగర్ ఉందని, కళ్ళజోడు ఉందని, ముసలివాళ్ళమని మీ అంతట మీరే వద్దనుకోకండి, పనికొస్తాయో లేదో ఐ బ్యాంకు వాళ్ళు చూసుకుంటారు. ఫ్యాన్ ఆపేయాలి, రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తులో ఉంచాలి. అరగంట పని, మొహం పాడవదు.

అసలు చిక్కు ఎక్కడంటే, మీరు బతికుండగా సంతకం పెట్టినా ఆ రోజు ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి, ఏడుస్తున్నవాళ్ళకి ఫోన్ చేయాలన్న ధ్యాస ఉండదు. అందుకే ఇప్పుడే భోజనం దగ్గర చెప్పేయండి, కాస్త తిట్టుకుంటారు, పర్లేదు. ఎవరికి పెట్టారో మీవాళ్ళకి చెప్పరు, ఎవరివో వాళ్ళకీ చెప్పరు. నేను చూసిన ఒకతను కట్టు విప్పాక మొట్టమొదట గోడ మీద గడియారం చూసి "ఇది పది నిమిషాలు లేటుంది" అన్నాడు. నిజంగానే లేటు, మేమెవ్వరం చూసుకోలేదు.

ఊరి చివర ఇల్లు:
అందరికీ థ్యాంక్స్. మాస్టారూ, జేబులో ఏముండేదని మీరు అడిగిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

పెన్ను మూత ఉండేది. పెన్ను కాదు, మూత. నాన్న రిటైర్డ్ గుమాస్తా, నవంబర్ వచ్చిందంటే మా పేటలో పెన్షనర్లందరి లైఫ్ సర్టిఫికెట్ల పని ఆయనదే, చదువురానివాళ్ళకి ఫారాలు నింపడం, నడవలేనివాళ్ళని ఆటో ఎక్కించడం. బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఎవరో ఒకరు "బాబూ పెన్ను ఉందా" అంటారు కదా, నాన్న ఇచ్చేవారు, కానీ మూత తీసి తన జేబులో పెట్టుకుని ఇచ్చేవారు. మూత లేని పెన్ను ఎవడూ జేబులో వేసుకుపోడు, గుర్తొచ్చి వెనక్కి తెస్తాడు అని ఆయన సిద్ధాంతం. నిన్న ఆయన టేబుల్ సొరుగు తీశాను. ఒట్టి మూతలు ఇరవై ఏడు.

ఫ్లెక్సీకి ఇలా రాశాను: "పెన్ను అడిగితే లేదనలేదు. ఇరవై ఏడు పెన్నులు తిరిగి రాలేదు, ఇరవై ఎనిమిదోదీ ఇచ్చారు." తమ్ముడు చదివి జనం నవ్వుతారేమో అన్నయ్యా అన్నాడు, తర్వాత వాడే నవ్వాడు, తర్వాత కాసేపు బయటికి వెళ్ళొచ్చాడు. పైన "దివ్యస్మృతికి" మాత్రం ఉండాల్సిందేనని పట్టుబట్టాడు, సరే అన్నాను. షాపు కుర్రాడు రెండుసార్లు ఫోన్ చేశాడు, సార్ ఇది పొరపాటున పంపలేదు కదా అని.

మూతలు ఏం చేద్దామని అమ్మని అడిగితే, ఉంచు, ఎవరన్నా పెన్ను తెస్తే దేనికి సరిపోతుందో చూడొద్దూ అంది.