కన్వేయర్ జామ్ తీయడానికి ప్రతిసారీ తాళం వేయాలా? ఎమర్జెన్సీ స్టాప్ చాలదా?

షిఫ్ట్_ఇన్‌చార్జి:
ప్యాకింగ్ లైన్‌లో రోలర్ల మధ్య అట్టపెట్టె ఇరుక్కుంటే లాగేయడానికి అర నిమిషం చాలు. రూలు ప్రకారమైతే కన్వేయర్ మీద చెయ్యి పెట్టే ముందు మెయిన్ ఐసొలేటర్ (కరెంటు సరఫరాని పూర్తిగా వేరు చేసే స్విచ్) ఆఫ్ చేసి, తాళం వేసి, ట్యాగ్ కట్టాలి. ఐసొలేటర్ ఉండేది ప్యానెల్ రూములో, లైనుకి 40 మీటర్ల దూరాన. వెళ్లి రావడం, మళ్లీ వెళ్లి తాళం తీయడం అన్నీ కలిపి జామ్‌కి 5 నిమిషాలు. షిఫ్టుకి 30 జామ్‌లు పడే లైనులో 150 నిమిషాలు దానికే పోతాయి. అందుకే రిపేరు పనులకి తాళం, జామ్‌లకి ఎమర్జెన్సీ స్టాప్ అని రూలు మార్చాలన్నది నా వాదన. స్టాప్ నొక్కాక మోటారు తిరగదు కదా?

ఎలక్ట్రికల్_ఫోర్‌మన్:
తిరగకపోవచ్చు. తిరగదని హామీ మాత్రం లేదండి. ఆ బటన్ తెంచేది కంట్రోల్ సర్క్యూట్‌ని. పవర్ మాత్రం కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే, తెంచే స్విచ్) దాకా వచ్చి నిలబడే ఉంటుంది. కాంటాక్టులు కరిగి అతుక్కుపోతే బటన్ నొక్కినా సరఫరా తెగదు. అంతకంటే ఎక్కువగా జరిగేది ఇంకొకటి: ఈ చివర ఒకరు చెయ్యి లోపల పెట్టి ఉండగా, లైన్ ఎందుకు ఆగిందో తెలియని మనిషి అవతలి చివర నుంచి బటన్ తిప్పి రీసెట్ కొడతాడు. రీసెట్ చేసినంత మాత్రాన యంత్రం తనంతట తాను నడవకూడదని డిజైన్ నియమం ఉంది. కానీ ప్రోగ్రామ్‌లో తర్వాత చేసిన మార్పులతో, సెన్సార్ ముందు పెట్టె కనిపించగానే బెల్టు కదిలేలా అయిన లైన్లూ ఉంటాయి.

కరెంటు ఒక్కటే చూస్తే సరిపోదు. పెట్టెల్ని నెట్టే పుషర్ సిలిండర్‌లో గాలి ప్రెషర్ అలాగే ఉంటుంది. ఇరుక్కున్న పెట్టె బయటకి రాగానే, అప్పటిదాకా ఆగి ఉన్న సిలిండర్ ఒక్కసారిగా స్ట్రోక్ పూర్తి చేస్తుంది. జామ్‌లో చేతులు నలిగే తీరు ఇదే: మోటారు ఆగే ఉంటుంది, కదిలేది సిలిండర్. ఏటవాలు కన్వేయర్‌లో బరువు వెనక్కి జారుతుంది. బిగుసుకున్న బెల్టు అడ్డం తొలగగానే వదులై లాగుతుంది. కాబట్టి గాలి వాల్వు కూడా మూసి, అవతలి వైపు ప్రెషర్ వదిలేసి, గేజి సున్నా చూపాకే చెయ్యి పెట్టాలి.

షిఫ్ట్_ఇన్‌చార్జి:
ప్రమాదం లేదని నేననడం లేదు. 5 నిమిషాల రూలు రాస్తే జనం పాటించరు అంటున్నాను. అది కూడా ప్రమాదమే కదా?

లేబర్_లా_డెస్క్:
ఈ ఒక్క మాట దగ్గర ఇన్‌చార్జి గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆయన చెప్పిన పరిష్కారంతో కాదు.

రూలు రాసి, సంతకాలు పెట్టించుకుని, అది నడవడం లేదని తెలిసీ ఊరుకునే యజమాని చట్టం ముందు చాలా బలహీనంగా ఉంటాడు. విచారణకి వచ్చేవాళ్లు శిక్షణ రిజిస్టర్ దగ్గర ఆగరు, డౌన్‌టైమ్ రికార్డు కూడా అడుగుతారు. రూలు ప్రకారం జామ్‌కి 5 నిమిషాలు పట్టాలి. రికార్డులో ప్రతి జామ్‌కీ 40 సెకన్లే కనిపిస్తే, ఒక్కసారి కూడా తాళం పడలేదని మీ కాగితమే చెబుతోంది. రోజూ ఆ రిపోర్టు మీద సంతకం పెట్టే మేనేజరు 'నాకు తెలియదు' అంటే ఎవరు నమ్ముతారు? కార్మికుడు రూలు తప్పాడన్న వాదన అక్కడే కూలిపోతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం కూడా యంత్రాలూ పని పద్ధతులూ ఆచరణలో సాధ్యమైనంత మేర సురక్షితంగా ఉంచే బాధ్యతను యజమాని మీదే పెట్టింది. భద్రతా చర్యల ఖర్చు కార్మికుడి మీద పడకూడదనీ అందులో ఉంది. 2022లో ఆ ఒప్పందానికి మౌలిక ఒప్పందం హోదా ఇచ్చారు.

మెయింటెనెన్స్_ఫిట్టర్:
అమెరికా నిబంధనల్లో చిన్న పనులకి మినహాయింపు ఉందంటారు. అది ఇక్కడ పనికొస్తుందా?

లేబర్_లా_డెస్క్:
1910.147 అనే నిబంధనలో ఉంది, కానీ చాలామంది సగమే చదువుతారు. ఆ పని ఉత్పత్తి నడుస్తుండగా చేసేదై ఉండాలి. రోజువారీగా, పదేపదే, ఉత్పత్తిలో విడదీయలేని భాగంగా జరిగేదై ఉండాలి. ఇవన్నీ ఉన్నా, తాళానికి బదులు నిజంగా కాపాడే వేరే ఏర్పాటు ఉంటేనే మినహాయింపు. గార్డు (యంత్రానికి ఉండే రక్షణ కవచం) విప్పి చెయ్యి లోపల పెట్టే పనికి ఉత్త ఎమర్జెన్సీ స్టాప్‌ని అలాంటి ఏర్పాటుగా చూపించడం కష్టం.

సేఫ్టీ_ఇంజినీర్:
అసలు పని ఇక్కడే ఉంది. 40 మీటర్లని తగ్గించండి. ప్రతి కన్వేయర్ సెక్షన్ పక్కనే, జామ్ తీసే మనిషికి చెయ్యి అందే దూరంలో, తాళం పట్టే లోకల్ ఐసొలేటర్ పెట్టండి. దాని పక్కనే, మూయగానే లోపలి ప్రెషర్ బయటకి వదిలే తాళపు గాలి వాల్వు. తాళం ఆపరేటర్ నడుముకే ఉంటుంది. అప్పుడు రెండు హ్యాండిళ్లు తిప్పడం, తాళాలు వేయడం, స్టార్ట్ బటన్ నొక్కి కదలడం లేదని చూసుకోవడం కలిపి నిమిషం లోపే అయిపోతుంది. ఆ స్టార్ట్ నొక్కి చూడటం మానొద్దు: పక్క లైన్ ఐసొలేటర్‌కి తాళం వేసిన పొరపాటు బయటపడేది అప్పుడే.

గార్డుకి ఇంటర్‌లాక్ స్విచ్ పెట్టి, గార్డు తెరిస్తే డ్రైవ్ (మోటారు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పరికరం) టార్క్, అంటే మోటారుని తిప్పే బలం, తెగేలా చేయడం ఇంకో దారి. జామ్ తీయడానికి పనికొస్తుంది, అయితే అది కరెంటుని వేరు చేయదు. మోటారు టెర్మినల్ బాక్స్ తెరవాలంటే ఐసొలేటర్, తాళం తప్పవు. 400 వోల్టుల డ్రైవ్‌లో డీసీ బస్ (లోపలి డీసీ కరెంటు లైను) మీద 540 వోల్టుల పైనే ఉంటుంది, ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లు కాసేపు పట్టి ఉంచుతాయి. డ్రైవ్ మీద రాసిన సమయం ఆగి, మీటర్‌ని ముందు కరెంటు ఉన్న చోట పరీక్షించి, తర్వాత ఇక్కడ చూసి, మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి మీటర్ బాగుందని తేల్చుకోవాలి.

లైట్ కర్టెన్ (చెయ్యి కిరణాలకి అడ్డొస్తే యంత్రాన్ని ఆపే కాంతి తెర) అడిగేవాళ్లకి ఒక లెక్క. చెయ్యి సెకనుకి 1600 మిల్లీమీటర్ల వేగంతో వస్తుందనుకుంటే, బెల్టు ఆగడానికి అర సెకను పట్టే చోట కర్టెన్ కనీసం 800 మిల్లీమీటర్ల ముందు ఉండాలి, పైన మరికొంత కలుపుకోవాలి. బ్రేకు అరిగి ఆగే సమయం పెరిగితే ఆ దూరం చాలదు. అందుకే ఆగే సమయాన్ని మధ్యమధ్య కొలవాలి.

అన్నిటికంటే ముందు: షిఫ్టుకి 30 జామ్‌లు ఎందుకు? బెల్టు ఒక పక్కకి పోతోందా, రెండు కన్వేయర్లు కలిసే చోట ఎత్తు తేడా ఉందా, ఫోటో సెన్సార్ కంటికి దుమ్ము పట్టిందా చూడండి. జామ్‌లు 5కి తగ్గితే మీ 150 నిమిషాల లెక్క అక్కడే పోతుంది.

షిఫ్ట్_ఇన్‌చార్జి:
లోకల్ ఐసొలేటర్ వచ్చేదాకా ఏం చేయమంటారు? ఆ ఖర్చు మంజూరయ్యేసరికి నెలలు పడుతుంది.

సేఫ్టీ_ఇంజినీర్:
అప్పటిదాకా ప్యానెల్ రూముకే వెళ్లాలి, ఉత్పత్తి లక్ష్యాన్ని ఆ మేరకు తగ్గించి రాతపూర్వకంగా ఇవ్వాలి. లక్ష్యం అంతే ఉంచి రూలు పాటించమంటే ఎవరూ పాటించరు. గార్డు తీయకుండా పొడుగు కొక్కెంతో బయటినుంచే లాగగలిగే జామ్‌లు ఏవో ముందే చూసి, ఏ సెక్షన్‌లో ఏది అని పేరు పేరునా రాయండి. అవి తప్ప మిగతావన్నీ తాళంతోనే.

మెయింటెనెన్స్_ఫిట్టర్:
నలుగురం కలిసి దిగితే సూపర్‌వైజర్ తాళం ఒక్కటే వేసి సరిపెడతారు. ఇది మాత్రం నేనొప్పుకోను.

ఎలక్ట్రికల్_ఫోర్‌మన్:
ఒప్పుకోకండి. హాస్ప్ (ఒకే చోట పలు తాళాలు పట్టే కొక్కెం) పెట్టి నలుగురివీ నాలుగు తాళాలు వేయాలి. ఐసొలేటర్లు ఎక్కువైతే వాటి తాళంచెవులన్నీ ఒక లాక్ బాక్స్‌లో వేసి, ఆ బాక్స్‌కి తలా ఒక తాళం. కాంట్రాక్టు మనుషులకీ ఇదే. చివరి మనిషి తన తాళం తీసేదాకా బాక్స్ తెరుచుకోదు. ఎవరైనా తాళం మరిచి ఇంటికెళ్తే, ఆ మనిషి ఆవరణలో లేడని చూసి, ఫోన్ చేసి, యంత్రం లోపల ఎవరూ లేరని తేల్చాకే అధికారం ఉన్నవాళ్లు కోయాలి. అతను మళ్లీ డ్యూటీకి వచ్చి పని మొదలుపెట్టకముందే తాళం కోసిన సంగతి చెప్పాలి. డూప్లికేట్ తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉంటే ఇదంతా వృథా.