సన్యాసికి సంతానం లేనప్పుడు, 'సన్యాసి' ఇంటిపేరు ఎలా అయింది?

ప్రశ్న:
ఇంగ్లిషులో మంక్, ఫ్రెంచిలో లెమ్వాన్, జర్మన్‌లో మ్యూంష్, ఇటాలియన్‌లో లో మొనాకో అనే ఇంటిపేర్లన్నిటికీ సన్యాసి అనే అర్థం. ఆబట్ అనే ఇంటిపేరుకు అర్థం మఠాధిపతి. బ్రహ్మచర్య వ్రతం పట్టినవారి పేరు కొడుకులకూ మనుమలకూ ఇంటిపేరుగా ఎలా సంక్రమించిందో నాకు అంతుపట్టడం లేదు. వ్రతం తప్పినవారి సంతానమే ఈ పేర్లు మోస్తున్నదని ఒక వివరణ విన్నాను గాని, ఇన్ని భాషల్లో ఇన్ని కుటుంబాలకు అదొక్కటే కారణమంటే నమ్మబుద్ధి కావడం లేదు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
మీ అనుమానం సబబైనదే. మధ్యయుగపు యూరపులో ఇంటిపేర్లు చాలావరకు ఎవరికి వారు పెట్టుకున్నవి కావు, ఇరుగుపొరుగువారు తగిలించినవి. నలుగురిలో కలవకుండా ముభావంగా ఉండేవాణ్ణో, నడినెత్తిన జుట్టు ఊడినవాణ్ణో, భక్తిని కాస్త ఎక్కువగా ప్రదర్శించేవాణ్ణో ఊరంతా 'సన్యాసి' అని పిలిస్తే, చిట్టా రాసే గుమాస్తా కూడా ఆ పేరే ఎక్కించేవాడు. చివరికి పిల్లలకూ అదే మిగిలేది. మఠం భూమి సాగుచేసినవారికి, మఠంలో కొలువున్నవారికి కూడా ఇటువంటి పేర్లు అంటుకున్నాయి. కింగ్, పోప్ అనే ఇంటిపేర్లున్నవారంతా రాజుల వారసులో పోపుల సంతానమో కారు కదా!

గ్రీకులో సన్యాసిని 'కలోయెరోస్' అంటారు. విడదీసి చూస్తే 'మంచి ముసలాయన' అని అర్థం వస్తుంది. కలోయెరోపులోస్ అనే ఇంటిపేరుకు అచ్చంగా 'సన్యాసి కొడుకు' అనే అర్థం. ఒపేరా గాయని మరియా కల్లాస్ కుటుంబపు అసలు ఇంటిపేరు అదే. భార్య పోయాక మలివయసులో సన్యసించినవారికి అప్పటికే పిల్లలుండడంలో వింతేమీ లేదు గనుక, ఈ పేరులో వ్రతభంగాన్ని వెతకనక్కరలేదు.

జవాబు 2:
రక్తసంబంధంతో నిమిత్తం లేకుండానే ఇంటిపేరు సంక్రమించే పద్ధతి తూర్పు ఆసియాలో ఉంది. చైనాలో తొలినాటి బౌద్ధ భిక్షువులు తమ గురువు పేరులోని మొదటి అక్షరాన్ని ఇంటిపేరుగా పెట్టుకునేవారు. అందువల్ల ఒకే ధర్మాన్ని అనుసరించేవారు వేర్వేరు వంశాలవారిలా కనిపించేవారు. దావోఆన్ (312–385) అనే ఆచార్యుడు, అందరికీ మూలగురువు శాక్యముని ఒక్కడే గనుక అందరూ 'శాక్య' శబ్దానికి చైనీయ రూపంలోని మొదటి అక్షరమైన 'షి'నే ధరించాలని చెప్పాడు. ఆ అక్షరమే వియత్నాంలో 'థిక్' అయింది. ప్రసిద్ధ వియత్నాం భిక్షువు థిక్ న్యాట్ హాన్ పేరులో మొదటి మాట అదే. ఇది పుట్టుకతో కాక దీక్షతో వచ్చే ఇంటిపేరు.

జపానులో కథ మరో మలుపు తిరిగింది. అక్కడి ప్రభుత్వం 1872లో భిక్షువుల వివాహానికి ఉన్న నిషేధాన్ని తొలగించి, అదే ఏడాది వారు కూడా ఇంటిపేరు పెట్టుకోవాలని ఆదేశించింది. కొందరు ఆ అక్షరానికే జపానీ ఉచ్చారణ అయిన 'షాకు'ను ఎంచుకున్నారు. అంటే వంశాన్ని వదిలినందుకు గుర్తుగా వచ్చిన పేరు, తండ్రి నుంచి కొడుకుకు అందే వంశనామమైంది. మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు తోచడం లేదు.

జవాబు 3:
ఇంటిపేర్ల సంగతి పైవారు చెప్పారు గనుక మాటల గురించి రెండు ముక్కలు చెబుతాను. ఇటాలియన్‌లో ముసుగుటోపీని 'కప్పూచ్చో' అంటారు. ఆ టోపీని బట్టి ఒక సన్యాసి శాఖవారికి కపుచిన్లనే పేరు వచ్చింది. వారి అంగీ గోధుమరంగును బట్టి కపుచినో కాఫీకి, వారి వాలకాన్ని బట్టి ఒక జాతి కోతులకు ఆ పేరు పాకింది. మధ్యాహ్నాన్ని సూచించే 'నూన్' నిజానికి లాటిన్‌లో తొమ్మిదో గంట, అంటే సూర్యోదయం నుంచి లెక్కిస్తే సుమారు మూడు గంటల వేళ. ఉపవాస దినాల్లో ఆ వేళ ప్రార్థన ముగిశాకే భోజనం గనుక అది మెల్లగా పన్నెండు గంటలకు జరిగిందనే వివరణ నాకు నచ్చుతుంది; ఆకలి ఎవరిచేతనైనా గడియారం తిప్పిస్తుంది.

జీవకణానికి రాబర్ట్ హుక్ 1665లో 'సెల్' అని పేరు పెట్టింది మఠంలోని చిన్న గదులను తలచుకునే అన్న మాటను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. సూక్ష్మదర్శిని కింద తాను చూసిన బెండుముక్కను ఆయన పోల్చింది తేనెపట్టుతో.