చీటీలు తీసి పంచాయతీకి సలహా బృందం వేయొచ్చా?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు జిల్లా, పలమనేరు దగ్గర పల్లె. మా గ్రామసభకు ఎప్పుడూ ఆ నలుగురే వస్తారు. కూలికి పోయే ఆడవాళ్లు, పాలు పోసి బతికేవాళ్లు ఏమనుకుంటున్నారో అక్కడ వినబడదు. అందుకే ఓటర్ల జాబితాలోంచి చీటీలు తీసి, ఇరవై మందితో సలహా బృందం వేద్దామని కొందరం అనుకుంటున్నాం. డబ్బు ముందు కాలువకా, వీధిదీపాలకా అన్నది వాళ్లు మాట్లాడుకుని సభ ముందు పెడతారు. తీర్మానం మాత్రం సభదే.

చోళుల కాలంలో తమిళనాడులోని ఉత్తరమేరూరులో ఊరి సభకు మనుషుల్ని ఎంచడానికి, పేర్లు రాసిన తాటాకు చీటీలు కుండలో వేసి, చిన్నపిల్లవాడితో తీయించేవాళ్లు. కానీ సొంత భూమి ఉన్న మగవాళ్ల పేర్లే అందులో పడేవి. ఆ భాగం మాకొద్దు. ఐర్లాండ్‌లో 2016లో ఏ పదవీ లేని 99 మందిని ఇలాగే ఎంచి, గర్భస్రావ చట్టం మీద నెలల తరబడి చర్చ పెట్టారు. 2018లో దానిపై ప్రజలే ఓటేశారు.

పంచాయతీల్లో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చినవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వడానికి ఏదైనా పద్దు ఉందా, చందాలే దిక్కా? భార్య పేరు వస్తే భర్త వచ్చి కూర్చుంటాడు, దాన్నెలా ఆపాలి? అన్నిటికన్నా టెన్షన్ ఇదే: సర్పంచ్‌కు పోటీ పెడుతున్నామని అనుకోకుండా ఈ మాట ముందు ఎవరితో మొదలుపెట్టాలి?