ఛాట్స్‌వర్త్ హౌస్: పెద్దవాళ్లతో వెళ్తే బాగుంటుందా?

కడప_కోడలు:
అత్తయ్య, మామయ్య పులివెందుల నుంచి లీడ్స్‌కు వచ్చి నెలయింది. గుడి, సూపర్‌మార్కెట్ తప్ప ఏమీ చూడలేదు. శనివారం డెర్బీషైర్‌లో ఛాట్స్‌వర్త్ అనే పాత జమీందారీ మేడకు తీసుకెళ్దామని మావారి ఆలోచన. మామయ్య అరటి రైతు, మేడలూ మిద్దెలూ చూడమంటే "నాకెందుకమ్మా" అంటారు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. టికెట్ డబ్బులు దండగేమోనని టెన్షన్. వెళ్లినవాళ్లు చెప్పండి.

షెఫీల్డ్_శ్రీను:
మూడుసార్లు వెళ్లాం. నన్నడిగితే తోట టికెట్ ఒక్కటీ చాలు. లోపల బొమ్మలు, రంగుల్లో బొమ్మలు గీసిన పైకప్పులు చూసి గంటకే మా నాన్నకు విసుగొచ్చింది. తోటలో ఎంపరర్ ఫౌంటెన్ వదలొద్దు. రష్యా చక్రవర్తి వస్తాడని 1844లో హడావిడిగా కట్టించారు. ఆయన రానేలేదు! మోటారు లేదు. కొండ మీద తవ్విన చెరువు నుంచి దిగే నీటి బలంతోనే ఎగజిమ్ముతుంది.
అత్తయ్యగారిని మాత్రం తోటంతా తిప్పకండి. 105 ఎకరాలు, పైగా ఏటవాలు.

భారతి_బర్మింగ్‌హామ్:
శ్రీను గారూ, ఇల్లు వదిలేయమనడం అన్యాయమండీ. సంగీతం గదిలో తలుపుకు వయొలిన్ వేలాడుతూ కనిపిస్తుంది. వట్టి పెయింటింగ్! దగ్గరికెళ్లినా నమ్మబుద్ధి కాదు.
పిల్లలుంటే రెండో జత బట్టలు పెట్టుకోండి. తోటలో ఒక లోహపు చెట్టుంది, కొమ్మల్లోంచి నీళ్లు చిమ్ముతుంది. మావాడు తడిసి ముద్దయ్యాడు.

తోట_పిచ్చి:
అరటి రైతా? అయితే ఒక్క మాట చెప్పండి, ఆయనే ముందు కారెక్కుతారు. మన దగ్గర జీ-9 అని వేసే అరటి క్యావెండిష్ రకమే. క్యావెండిష్ అంటే ఈ ఇంటివాళ్ల ఇంటిపేరు! డ్యూక్ అంటే ఈ ఇంటి యజమానుల బిరుదు. ఆరో డ్యూక్ దగ్గర జోసెఫ్ ప్యాక్స్‌టన్ అని పెద్ద తోటమాలి ఉండేవాడు. 1830 ప్రాంతంలో ఒక అరటి మొక్క తెప్పించి, గాజు ఇంట్లో వెచ్చగా పెంచి, 1835లో పువ్వు వేయించాడు. దానికి యజమాని పేరు పెట్టారు. మన పిలకలు అక్కడివే అనడం లేదు, పేరు మాత్రం అక్కడిదే.
ప్యాక్స్‌టన్ కట్టిన పెద్ద గాజు మందిరం ఇప్పుడు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెచ్చబెట్టడానికి బొగ్గు దొరక్క మొక్కలు చచ్చాయి, 1920లో కూల్చేశారు. అక్కడ ఇప్పుడు పొదలతో చిక్కుదారులు పెంచారు.

కడప_కోడలు:
చెప్పాను. "ఈ చలిలో అరటా? గెలకు ఎన్ని హస్తాలొచ్చాయంట?" అని వెంటనే అడిగారు! ఇంతకీ ఆ ఇల్లు ఇంకా వాళ్లదేనా?

షెఫీల్డ్_శ్రీను:
1549 నుంచీ ఆ వంశానిదే. 1950లో పదో డ్యూక్ పోయాక వారసత్వ పన్ను 80 శాతం పడింది. భూములు, బొమ్మలు అమ్మారు, హార్డ్‌విక్ హాల్ అనే ఇంకో ఇల్లే పన్ను కింద ఇచ్చేశారు. 1981 నుంచి ఛాట్స్‌వర్త్‌ను ట్రస్టు చూస్తోంది. డ్యూక్ కుటుంబం ట్రస్టుకు అద్దె కట్టి అక్కడే ఉంటోంది. మా ఊళ్లో జమీందారు మేడకు పెంకులు కూడా మిగల్లేదు, అది వేరే సంగతి.

కడప_కోడలు:
వెళ్లొచ్చాం! అత్తయ్య ఇల్లు చూసి బయట బెంచీ మీద కూర్చుండిపోయారు. పులిహోర అక్కడే తిన్నాం. మామయ్య ఫౌంటెన్ దగ్గర అరగంట నిలబడి, పైపు ఎటునుంచి వస్తోందో చూడాలని కొండెక్కబోతే మావారు ఆపారు. "మాకాడ మోటారు పెట్టినా రావు నీళ్లు" అని దారంతా అదే మాట.