ముగ్గు వేసే అబ్బోడి పుస్తకం బడి లైబ్రరీలో ఉండాలా, వద్దా?

కపిలతీర్థం అక్క (చర్చ మొదలుపెట్టినవారు)
మా వాడు తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి. పోయిన వారం లైబ్రరీ పీరియడ్‌లో ఒక బొమ్మల పుస్తకం తెచ్చుకున్నాడు. కథ చిన్నది. ధనుర్మాసంలో అవ్వకు మోకాళ్ల నొప్పులు, వంగలేదు. మనవడు చుక్కలు లెక్కపెట్టుకుని ముగ్గు నేర్చుకుంటాడు. వీధిలో పిల్లలు నవ్వుతారు. ఏడుస్తాడు. మర్నాడు మళ్లీ వేస్తాడు. అంతే కథ. మా వాడు ఆ రాత్రి నాలుగుసార్లు చదివించుకున్నాడు. పొద్దున్నే లేచి బలపంతో గచ్చు మీద 5 చుక్కలు 5 వరసల ముగ్గు వేశాడు, ఒక్క గీత తప్పకుండా.

రెండు రోజులకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఆ పుస్తకం ఫొటో పెట్టి, మగపిల్లల్ని ఆడంగుల్ని చేసే పుస్తకాలు బడిలో ఎందుకని రాశారు. గ్రూపులో ఒక్కరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, అదే నా బాధ. సోమవారం పుస్తకం వెనక్కి తీసేసుకున్నారు. ఇలాంటి పుస్తకాలు పిల్లలకు ఇవ్వాలా, వద్దా? నాకు అభిప్రాయాలు కావాలి.

బైరాగిపట్టెడ బాబాయ్
వద్దు. లెక్కలు, సైన్సు చెప్పమని ఫీజు కడుతున్నాం. ముగ్గులు ఇంట్లో నేర్పుకోండి.

పీలేరు మాస్టారు
ఆ పుస్తకం మా మనవరాలి దగ్గర ఉంది, చూశాను. నేను 34 ఏళ్లు తెలుగు చెప్పాను. మొదటి పేజీలోనే ‘ముగ్గు గీశాడు’ అని ఉంది. బొమ్మ గీస్తారు, గీత గీస్తారు. ముగ్గు వేస్తారు, పెడతారు. ఏ ఊళ్లో ఏ ఆడబిడ్డ ముగ్గు గీసింది? ఎవరో ఇంగ్లీషులో ఆలోచించి రాస్తే ఇంకెవరో తెలుగు అక్షరాల్లో పెట్టారు. పిల్లలకు ముందు భాష రావాలి, తర్వాత సంస్కరణ.

పుత్తూరు నర్సమ్మ
మాస్టారూ, బలపంతో అయితే గీయడమే కదా.

పీలేరు మాస్టారు
బలపంతోనైనా సరే, ముగ్గు వేయడమే.

రంగంపేట కుర్రోడు
అసలు మన ఊళ్లో ఇది గొడవ కావడమే నాకు వింతగా ఉంది. మేలో గంగమ్మ జాతరకు మగవాళ్లు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, గాజులు వేసుకుని గుడికి పోతారు. నాకు చిన్నప్పుడు జబ్బు చేస్తే మా అమ్మ మొక్కుకుంది, నేనూ వేషం కట్టాను. పాలెగాణ్ణి పట్టుకోడానికి గంగమ్మే దొర వేషం కట్టిందని కదా మన కథ! జాతరలో గంగమ్మ వేషాలు కట్టేది కైకాల కుటుంబం మగవాళ్లే. ఆరోజు చీర కట్టిన కొడుకును చూసి దండం పెట్టే తండ్రి, కొడుకు చేతిలో ముగ్గుపిండి చూస్తే ఎందుకు భయపడుతున్నాడు?

బైరాగిపట్టెడ బాబాయ్
అమ్మవారి మొక్కును ఇందులోకి లాగొద్దు తమ్ముడూ. మొక్కు వేరే, ఇది వేరే. మొక్కు తీరినాక చీర విప్పేస్తాం.

పుత్తూరు నర్సమ్మ
మొక్కు పక్కన పెడదాం. తిరుమలలో శ్రీవారి పోటులో, అంటే గుడి వంటశాలలో, లడ్డూలు చేసేది మగవాళ్లే. మన హోటళ్లలో దోసె మాస్టర్లు మగవాళ్లు, పెళ్లి వంటలకు గాడిపొయ్యి తవ్వించేది మగవాళ్లు. అదే మనిషి ఇంట్లో తిన్న కంచం తీస్తే పరువు పోతుంది. మా ఇంట్లో చూస్తున్నాను. నేను నైట్ డ్యూటీ చేసి వస్తే సింకు నిండా అంట్లు. మా ఆయన చెడ్డవాడు కాదు, ఆయన చేతికి చిన్నప్పుడు ఎవరూ గిన్నె ఇవ్వలేదు.

బైరాగిపట్టెడ బాబాయ్
పోటు, హోటలు ఉద్యోగాలమ్మా. జీతం వస్తుంది.

పుత్తూరు నర్సమ్మ
నేనూ అదే అంటున్నా. జీతం వస్తే మగవాడి పని, రాకపోతే ఆడదాని పనా?

కాణిపాకం భక్తుడు
అందరికీ నమస్కారం. కొంచెం శాంతంగా మాట్లాడుకోండి.

పీలేరు మాస్టారు
నేను మార్పుకు అడ్డం అనుకుంటున్నారు. కాదు. మన తరిగొండ వెంగమాంబను చూడండి. చిన్నతనంలోనే భర్త పోతే, పసుపు కుంకుమలు తీసేయమన్న ఊరిని ఎదిరించింది. 18వ శతాబ్దంలో! వేంకటాచల మాహాత్మ్యం రాసింది. ఈరోజు తిరుమలలో వేల మంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే ఉంది. తన తోవలో తాను నడవడం అంటే ఏమిటో చెప్పడానికి మన మట్టిలోనే మనిషి ఉంటే, అనువాదపు తెలుగు ఎందుకు? పైగా ఈ కొత్త పుస్తకాల్లో చివరి పేజీలో ఒక ఉపన్యాసం తప్పదు. ‘అందరూ సమానమే’ అని. పిల్లవాడు అక్కడికి రాగానే పుస్తకం మూసేస్తాడు. కథ చేయాల్సిన పని కథే చేయాలి.

కపిలతీర్థం అక్క
ఉపన్యాసం సంగతిలో మీతో ఏకీభవిస్తాను. కానీ ఈ పుస్తకంలో అది లేదు, ఉందేమో మళ్లీ చూడండి. వెంగమాంబ గురించి ఎనిమిదేళ్ల వాడు చదివే బొమ్మల పుస్తకం మా బడి లైబ్రరీలో నాకు కనబడలేదు. మీరు రాయండి, మొదటి కాపీ నేనే కొంటాను. కేరళలో 2024లో మూడో తరగతి పాఠ్యపుస్తకంలోనే నాన్న వంటింట్లో కూర్చుని కొబ్బరి కోరుతున్న బొమ్మ వేశారు. లైబ్రరీ పుస్తకం కూడా కాదు, పాఠం. మనం ఒక కథకే భయపడుతున్నాం.

మదనపల్లె లైబ్రరీ
2015లో మొదలైన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదవొచ్చు. బడిలో లేకపోతే ఫోన్లో చదివించండి.

రంగంపేట కుర్రోడు
మాస్టారూ, అనువాదం అనగానే తీసిపారేయకండి. 1936లో అమెరికాలో ఫెర్డినాండ్ అనే ఎద్దు కథ వచ్చింది. మిగతా కోడెలన్నీ కుమ్ములాడుకుంటుంటే అది చెట్టు కింద కూర్చుని పూలు వాసన చూస్తుంది. పోట్లాటకు బరిలోకి తోలినా పోట్లాడదు. ఆ చిన్న కథకు భయపడి నియంత ఫ్రాంకో స్పెయిన్‌లో దాన్ని నిషేధించాడు. అది చదివినప్పుడు నాకు మా రంగంపేట పశువుల పండగ గుర్తొచ్చింది. కొమ్ములకు పలకలు కట్టి ఎద్దుల్ని తోలుతుంటే, మా ఊరి మగపిల్లలు అడ్డం పోయి పలక లాగాలి. నేను ఒక్క ఏడాది కూడా దిగలేదు. భయం. మా నాయన నాతో మూడు రోజులు మాట్లాడలేదు. ఆ ఎద్దు నాకు అప్పుడు తెలిసుంటే బాగుండేది.

పుత్తూరు నర్సమ్మ
ఒక్క సంగతి చూడండి. ఆడపిల్ల విమానం నడిపే పుస్తకం, కరాటే చేసే పుస్తకం మీద ఏ గ్రూపులోనూ ఫొటో పెట్టరు. అందరూ చప్పట్లు కొడతారు. నన్ను చిన్నప్పుడు మగరాయుడు అన్నారు, కానీ అందులో కొంచెం మెప్పు ఉండేది. మగపిల్లాణ్ణి ఆడంగి అంటే అందులో మెప్పు ఎక్కడుంది? పైకి ఎక్కితే సంతోషం, కిందికి దిగితే సిగ్గు. మేం చేసే పని కింది పని అనే కదా దీని అర్థం!

బైరాగిపట్టెడ బాబాయ్
మాటలు బాగున్నాయి. రేపు ఆ పిల్లోడు బడికి పోతే ఎవరు వస్తారు తోడు?

కపిలతీర్థం అక్క
మీలాంటివాళ్లు అలా అనబట్టే పిల్లలు నవ్వడం నేర్చుకుంటున్నారు. ఆ గ్రూపులో ఫొటో పెట్టినాయన మీరేనేమో కూడా నాకు తెలీదు.

బైరాగిపట్టెడ బాబాయ్
నేను కాదు. కానీ నేనైనా పెట్టేవాణ్ణే, ఎందుకో వినండి.

మా నాయన భారతంలో ద్రౌపది కట్టేవాడు. ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి నాటకం. మా నాయన జుట్టు విరబోసుకుని ఏడిస్తే ఊరంతా ఏడ్చేది. ఆడోళ్లు వచ్చి కాళ్లకు మొక్కేవాళ్లు. తెల్లారితే నేను బడికి పోవాల. ‘ద్రౌపది కొడకా, చీర విప్పేదా’ అని చొక్కా లాగేవాళ్లు. నాలుగు మంది. మూడేళ్లు. ఒకరోజు చొక్కా చినిగి ఇంటికి వస్తే మా నాయన ఏం జరిగిందని అడిగినాడు, ముళ్ల కంపలో పడ్డానని చెప్పినా. ఆయన పోయేదాకా నిజం చెప్పలేదు.

మీ పుస్తకంలో అబ్బోడు మర్నాడు మళ్లీ ముగ్గు వేస్తాడు. మా బళ్లో మర్నాడు మళ్లీ కొట్టినారు. పుస్తకం రాసినోళ్లు ఆ పేజీ రాయలేదు. నా కొడుక్కి అదే వయసు. వాణ్ణి ముందుకు తోసి నేను వెనక నిలబడలేను.

పుత్తూరు నర్సమ్మ
అన్నా, క్షమించు.

కపిలతీర్థం అక్క
బాబాయ్, తొందరపడి అన్నాను. తప్పు నాదే.

కానీ ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ పుస్తకం మీ చేతిలో పెట్టమని నేననను. చొక్కా లాగిన ఆ నలుగురికి మూడో తరగతిలోనే ఎవరైనా దాన్ని చదివి వినిపించి ఉంటే?

బైరాగిపట్టెడ బాబాయ్
ఎవరు వినిపిస్తారమ్మా? మా టీచరే నవ్వింది. బీరువాలో పుస్తకం పెట్టి, పిల్లోడు తీసుకుంటే తీసుకోనీ అని వదిలేస్తే దెబ్బలు తినేది తీసుకున్నోడే. క్లాసులో అందరి ముందు టీచరు చదవాల. మగ టీచరైతే ఇంకా మంచిది. అట్ల చదివేట్టయితే నేను అడ్డం చెప్పను. చదవరని నాకు తెలుసు.

కపిలతీర్థం అక్క
శనివారం హెడ్మాస్టరును కలుస్తున్నాను. పుస్తకం తిరిగి పెట్టండి అని అడగాలనుకున్నాను. ఇప్పుడు క్లాసులో చదవండి అని అడుగుతాను. ఒప్పుకుంటారనే నమ్మకం నాకూ తక్కువే.

రంగంపేట కుర్రోడు
అక్కా, తోడు కావాలంటే నేను వస్తా. ఆరోజు పని లేదు.

బైరాగిపట్టెడ బాబాయ్
మీ వాడు 5 చుక్కల ముగ్గు వేశాడన్నారే, ఇంకా వేస్తున్నాడా?

కపిలతీర్థం అక్క
లేదు. నిన్న బలపం చేతికిచ్చాను. తలుపు వేసుందా అని చూసి, వద్దమ్మా అన్నాడు.

పీలేరు మాస్టారు
తల్లీ, మీ బడి ఆ పుస్తకం ఇవ్వకపోతే మా మనవరాలిది పంపిస్తాను, అడిగాను, ఒప్పుకుంది. చివరి పేజీ మళ్లీ చూశాను, ఉపన్యాసం లేదు. ‘గీశాడు’ మాత్రం కొట్టేసి పైన ‘వేశాడు’ అని రాసి పంపుతాను.